గోడను ఎవరు చూసుకుంటారు?



ఈ నెల మిమ్మల్ని చాలా దూరం తీసుకువెళ్తున్నాం. గాభరా పడకండి. టిక్కెట్టు ఖర్చు లేదు, పెట్టె సర్దుకునే పనీ లేదు. సాయంత్రం దీపం పెట్టాక ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చోండి, ఒకరు చదవండి, మిగిలినవారు వినండి. అంతే చాలు.

మేము వెళ్లింది ఇంగ్లండు దేశానికి. మా అమ్మాయి అక్కడ నైరుతి మూలనున్న డెవన్ అనే ప్రాంతంలో, ఎక్సెటర్ పట్టణంలో నర్సుగా పనిచేస్తున్నది. 2024 వేసవిలో మమ్మల్ని రమ్మని పట్టుబట్టింది. మాతోపాటు పిల్లల అమ్మమ్మ కూడా వచ్చారు. ఆమెకు డెబ్బై దాటాయి. సొంత ఊరు కృష్ణా జిల్లా దివిసీమలో, అవనిగడ్డ దగ్గర. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనలో ఆమె తన తమ్ముళ్లిద్దరినీ పోగొట్టుకున్నారు. తాను తాటిచెట్టు పట్టుకుని బతికారు. ఆనాటి నుండి ఆమె సముద్రపు ఒడ్డుకు వెళ్లలేదు. మచిలీపట్నంలో పెళ్లికి పోయినా మంగినపూడి వైపు తిరిగి చూసేవారు కారు.

ఈ సంగతి తెలిసి కూడా మా అమ్మాయి ఒక శనివారం మమ్మల్ని సముద్రపు రైలు ఎక్కించింది. "అమ్మమ్మా, ఒక్కసారి చూడు, నీకు నచ్చకపోతే తర్వాతి స్టేషనులో దిగి వెనక్కి వచ్చేద్దాం" అన్నది. అమ్మమ్మ మారు మాట్లాడలేదు. కాని రైలెక్కగానే కొండవైపు కిటికీ దగ్గర కూర్చుని, కొంగు తలమీదికి లాక్కున్నారు.

ఎక్సెటర్ దాటి దక్షిణంగా పోతుంటే ఎడమచేతి పక్కన ఎక్స్ నది వెడల్పవుతూ వస్తుంది. మన యానాం దగ్గర గోదావరి పాయను చూసినట్టే ఉంటుంది. పోటు తీసినప్పుడు బురద మేటలు, వాటిమీద వాలే పక్షులు, ఒరిగి నిలబడ్డ చిన్న పడవలు. స్టార్‌క్రాస్ అనే చిన్న స్టేషను దగ్గర ఎర్రరాతి పాత కట్టడం ఒకటి కనబడుతుంది. దాని కథ కాసేపట్లో చెబుతాం. ఆ తర్వాత నది సముద్రంలో కలుస్తుంది, మన రైలు సముద్రం పక్కకు వస్తుంది. పక్కకు అంటే పక్కకే! ఒకవైపు ఎర్రటి కొండ నిటారుగా ఉంటుంది, రెండోవైపు అలలు. మధ్యలో రెండు జతల పట్టాలు, ఒక రాతి గోడ. డాలిష్ వారెన్ నుండి టైన్‌మత్ వరకు సుమారు నాలుగు మైళ్లు ఇదే దారి.

మేము దిగింది డాలిష్ స్టేషనులో. మనకు తెలిసిన స్టేషన్లలో ప్లాట్‌ఫారం అవతల టీ కొట్టో, రిక్షాలో ఉంటాయి. ఇక్కడ ప్లాట్‌ఫారం అవతల సముద్రమే! బెంచీమీద కూర్చుంటే తుంపర ముఖాన పడుతుంది. ఊరు స్టేషనుకు వెనుకవైపు. ఊరివాళ్లు సముద్రపు ఒడ్డుకు పోవాలంటే రైలు కట్టను దాటే పోవాలి. ఊరి మధ్యగా పారే చిన్న ఏరు కూడా ఆ కట్ట కిందుగానే పోయి సముద్రంలో పడుతుంది. ఆ ఏటిలో నల్లని హంసలు ఈదుతుంటాయి. తెల్ల హంసలనే పటాల్లో చూసిన మేము వాటిని చాలాసేపు చూస్తూ నిలబడ్డాం.

అమ్మమ్మ మాత్రం హంసలను చూడలేదు, కొండను చూడలేదు. గోడనే చూశారు. దానిమీద చెయ్యి వేసి, రాయికీ రాయికీ మధ్య అతుకులు వేలితో తడిమి, మా అమ్మాయిని అడిగారు: "ఏమే తల్లీ, ఈ గోడను ఎవరు చూసుకుంటారు?"

మా అమ్మాయి నవ్వి, "రైల్వేవాళ్లు అమ్మమ్మా" అన్నది.

"రైల్వేవాళ్లంటే ఎవరు? రోజూ వచ్చి చూసేవాడు ఎవడో ఒకడుండాలి కదా?"

ఆ ప్రశ్న మా వెంట ఇంటిదాకా వచ్చింది. ఈ నెల ఈ పేజీ రాయడానికి కారణం కూడా అదే.

ఈ దారి వేయించినది ఇసాంబార్డ్ కింగ్‌డమ్ బ్రునెల్ అనే పేరు మోసిన ఇంజనీరు. ఎక్సెటర్ నుండి టైన్‌మత్ వరకు 1846 మే 30న రైళ్లు మొదలయ్యాయి. మన ధవళేశ్వరంలో కాటన్ దొరగారు ఆనకట్ట పని మొదలుపెట్టినది ఆ మరుసటి సంవత్సరమే. ఇంత ప్రమాదమైన చోట పట్టాలెందుకు వేశారని మీరడగవచ్చు. లోపలి భాగమంతా గుట్టలు, లోయలు. ఆనాటి రైలింజన్లకు నిటారు ఎత్తులెక్కే బలం తక్కువ. నది ఒడ్డు, సముద్రపు ఒడ్డు పట్టుకుని పోతే దారి చదునుగా ఉంటుంది. అందుచేత కొండ అంచు తొలిచి, ముందుకు పొడుచుకువచ్చిన చోట సొరంగాలు తవ్వి, అలలు తాకే చోట గోడ కట్టి దారి చేశారు. డాలిష్‌కు, టైన్‌మత్‌కు మధ్య ఐదు సొరంగాలున్నాయి.

వాటిలో పెద్దదాని పేరు పార్సన్ సొరంగం. పార్సన్ అంటే పాదిరిగారు. అక్కడ కొండ కొన ఒకటి, దాని ముందు నీళ్లలో విడిగా ఒక రాతి స్తంభం ఉన్నాయి. వాటిని పాదిరి, గుమస్తా అని పిలుస్తారు. దీనికొక పాత కథ ఉంది. బిషప్పుగారు జబ్బుపడి డాలిష్‌లో ఉంటే, ఆ పదవిమీద ఆశపడ్డ ఒక పాదిరి, పరామర్శ నెపంతో గుమస్తాను వెంటబెట్టుకుని మాటిమాటికీ వస్తుండేవాడట. ఒక రాత్రి దారి తప్పి, కోపం పట్టలేక, "నీకంటే సాతాను మేలు దారి చూపడానికి" అని గుమస్తామీద విరుచుకుపడ్డాడట. వెంటనే ఒక రౌతు వచ్చి దారి చూపాడట, విందు కూడా చేశాడట. తెల్లవారేసరికి పాదిరి, గుమస్తా ఇద్దరూ సముద్రంలో రాళ్లై నిలబడ్డారట! కథ కథే. అయినా మన సంఘాల్లో పదవుల ఎన్నికలు వచ్చినప్పుడు ఒకసారి తలచుకోదగ్గ కథ.

ఇక స్టార్‌క్రాస్ దగ్గరి ఎర్ర కట్టడం సంగతి. బ్రునెల్‌గారు ఈ దారిలో ఇంజను లేకుండా రైలు నడపాలనుకున్నారు. పట్టాల మధ్య 15 అంగుళాల ఇనుప గొట్టం వేశారు. సుమారు మూడేసి మైళ్లకొక ఇంజను ఇల్లు కట్టారు. స్టార్‌క్రాస్‌లో మిగిలినది అలాంటిదే. మన పొలాల్లో మోటారు నీటిని పీల్చినట్టు ఆ యంత్రాలు గొట్టంలోని గాలిని పీల్చేవి. గొట్టం లోపల ఒక ముషలకం ఉండేది, దానికి రైలు తగిలించి ఉండేది. ముందు గాలి లేకపోవడంతో వెనుక గాలి దాన్ని నెట్టేది. పొగ లేదు, నిప్పురవ్వలు లేవు. ఒక్కొక్కసారి గంటకు అరవై మైళ్లకు పైగా పరుగెత్తేదట.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, రైలును ముషలకానికి తగిలించడానికి గొట్టం పైన పొడవునా ఒక చీలిక ఉండాలి. రైలు పోగానే ఆ చీలిక మూసుకోవాలి. దానికి తోలు పట్టీ కుట్టారు, గాలి చొరబడకుండా కొవ్వు పూశారు. ఆ తోలు ఎండకు ఎండింది, చలికి బిగుసుకుంది, తడికి చివికింది. మనుషులు మైళ్ల పొడవునా నడుస్తూ కొవ్వు పూసినా గాలి కారుతూనే ఉంది. ఎలుకలు ఆ తోలు తినేశాయని కూడా జనం చెప్పుకుంటారు. 1847 సెప్టెంబరులో ప్రయాణికులతో మొదలైన ఆ రైలు 1848 సెప్టెంబరులో ఆగిపోయింది. దీన్ని ఇంకా ముందుకు పొడిగించమని తాను సిఫారసు చేయలేనని బ్రునెల్‌గారే డైరెక్టర్లకు రాసి ఇచ్చారు. అంత పేరున్న మనిషి తన తప్పును కప్పిపుచ్చుకోకుండా కాగితం మీద పెట్టడం మాకు గొప్పగా తోచింది. యంత్రం లోపంకంటే కూడా, ఇంచి ఇంచికీ కాపలా కావలసిన వస్తువును కాపాడుకోలేకపోవడమే ఆ ప్రయత్నాన్ని ముంచింది.

తోలు పోయింది, గోడ మిగిలింది. కాని గోడ తనంతట తాను మిగల్లేదు. 1855లో సముద్రం దాన్ని తెంపింది, 1859లో మళ్లీ తెంపింది, ఆ తర్వాత కూడా చాలాసార్లు దెబ్బతీసింది. ప్రతిసారీ రాళ్లు మోసి పేర్చారు. ఈ లోపల ఇంకొక సంగతి జరిగింది. ఎక్సెటర్ నుండి ప్లిమత్‌కు డార్ట్‌మూర్ కొండల అంచున ఓక్‌హాంప్టన్ మీదుగా ఇంకొక రైలు దారి ఉండేది. ఖర్చు తగ్గించుకునే రోజుల్లో, 1968లో, ఆ దారిని నడిమికి తెంచేశారు. 2021 నవంబరులో ఓక్‌హాంప్టన్ వరకు మళ్లీ రైళ్లు వచ్చాయి గాని, అక్కడి నుండి ప్లిమత్‌కు పట్టాలు కలపలేదు. అందుచేత ప్లిమత్‌కు, ఆ పైన కార్న్‌వాల్ అంతటికీ రైలులో పోవాలంటే ఈ సముద్రపు గోడ పక్క నుంచే పోవాలి. రెండో దారి లేదు.

2014 ఫిబ్రవరి 4 రాత్రి పెనుగాలి, పోటు ఒక్కటైనాయి. డాలిష్ దగ్గర సుమారు 80 మీటర్ల గోడ కొట్టుకుపోయింది. గోడ వెనుక మట్టి పోయింది, కంకర పోయింది. తెల్లవారి చూస్తే పట్టాలు, స్లీపర్లతో సహా, తాళ్ల వంతెనలాగా గాలిలో వేలాడుతున్నాయి. పట్టాల వెనుక ఇళ్లవాళ్లను రాత్రికి రాత్రే ఖాళీ చేయించారు. ఓడల మీద సరుకు తెచ్చే పెద్ద ఇనుప పెట్టెలను రాళ్లతో నింపి, వరుసగా పేర్చి, అలలకు అడ్డం పెట్టి పని మొదలుపెట్టారు. పది రోజులు గడవకముందే ఇంకొక తుపాను వచ్చి చేసిన పనిని మళ్లీ చెడగొట్టింది. మార్చి నెలలో టైన్‌మత్ వైపు కొండచరియ జారింది. అయినా మూడు వందల మంది పనివాళ్లు రాత్రింబగళ్లు పనిచేశారు. ఏప్రిల్ 4న రైలు మళ్లీ నడిచింది. సరిగ్గా రెండు నెలలు.

అంతటితో చేతులు దులుపుకోలేదు. ఊరి ముందున్న గోడను కొత్తగా, పాతదానికంటే రెండున్నర మీటర్లు ఎత్తుగా కట్టారు. మొదటి భాగం 2020లో, రెండో భాగం 2023లో పూర్తయినాయి. ఖర్చు 8 కోట్ల పౌండ్లు. గోడ పైఅంచును సముద్రం వైపు వంచి కట్టారు. వచ్చిన అల పైకి లేచి పట్టాలమీద పడకుండా వెనక్కి తిరిగి సముద్రంలోనే పడుతుంది. మంగలం అంచు వంపులో గింజలు బయటికి చిందకుండా లోపలికే పడుతుంటాయి కదా, అదే ఉపాయం.

గాలి, పోటు లెక్కలు చూసి, అలలు ఎగిరిపడతాయనుకున్న రోజున సముద్రం వైపు పట్టాలమీద రైళ్లు ఆపేస్తారు. రెండు దిక్కుల రైళ్లనూ కొండవైపు పట్టాలమీదే ఒకదాని తర్వాత ఒకటి నడుపుతారు. ఒక రకం కొత్త రైళ్లకు పైకప్పు మీద విద్యుత్ పరికరాలు పెట్టారు. ఉప్పునీళ్లు పడి అవి ఈ గోడ పక్కనే ఆగిపోయిన రోజులున్నాయి. పాత రైళ్లు మాత్రం తడుస్తూ సాగిపోయేవట. అందంగా తయారుచేయడం వేరు, ఉన్న చోటును తెలుసుకుని తయారుచేయడం వేరు.

మేము ఇవన్నీ మాట్లాడుకుంటుండగా పోటు తగ్గింది. నారింజ రంగు చొక్కా తొడుక్కున్న ఒక మనిషి గోడ అడుగున ఇసుకలోకి దిగాడు. మెల్లగా నడుస్తూ, అక్కడక్కడ ఆగి, వంగి అడుగురాళ్లు చూస్తూ, చేతిలోని దానిమీద ఏదో గుర్తుపెట్టుకుంటూ పోయాడు. ఫొటోలు తీసుకుంటున్న జనంలో ఒక్కరూ అతనివైపు చూడలేదు. అమ్మమ్మ చూశారు. "అదుగో, వాడే" అన్నారు.

తర్వాత ఆమె తనంతట తాను చెప్పడం మొదలుపెట్టారు. ఏనాడూ మా ముందు ఇంతసేపు ఆ మాట ఎత్తలేదు. "ఆ రాత్రి వచ్చిన ఉప్పెనకు ఏ గట్టూ ఆగేది కాదు నాయనా. తాటిచెట్ల మీద నుంచి వచ్చింది. దానికి ఎవర్నీ అనేది లేదు. కాని ఆ తర్వాత నేను చూశాను. ముందు ఏడాది అందరూ వచ్చారు, బియ్యం ఇచ్చారు, బట్టలిచ్చారు, ఇళ్లు కట్టారు, గట్టు పోశారు. రెండో ఏడు కొందరొచ్చారు. ఐదో ఏటికి గట్టుమీద ఎండ్రకాయలు బొరియలు పెట్టాయి. గేదెలు దిగి దిగి బాట పడింది. ఎవరికి వారు రేపు చూద్దామన్నారు. చిన్న వానకే గండి పడి రెండు వందల ఎకరాల నారు కుళ్లింది. అది ఉప్పెన చేసింది కాదు, మనం చేసింది."

మాకు ఏం చెప్పాలో తోచలేదు. మా పొలం గట్టు కూడా అందులో ఉంది.

అక్కడి నుండి పక్క స్టేషను టైన్‌మత్‌కు పోయాం. మన పాఠకులకు ఆ ఊరి పేరు తెలియకపోయినా, ఆ ఊరి సేవకుని పేరు తెలుసు. అనాథల తండ్రి అని మనం చెప్పుకునే జార్జి ముల్లర్‌గారు 1829లో జబ్బుతో గాలి మార్పు కోసం వచ్చినది ఈ ఊరికే. 1830 నుండి 1832 వరకు ఇక్కడి చిన్న సంఘానికి కాపరిగా ఉన్నారు. నెలజీతం వద్దని, దేవుడు ఇచ్చినదానితో బతుకుతానని తీర్మానించుకున్నది కూడా ఇక్కడే. ఆ తర్వాత బ్రిస్టల్‌కు వెళ్లి, పదివేల మందికి పైగా అనాథ పిల్లలను పెంచారు. రైలు వచ్చేసరికి ఆయన ఈ ఊరు వదిలి పద్నాలుగేళ్లయింది.

ముల్లర్‌గారి భార్య మేరీ గారి అన్న ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. ఎక్సెటర్‌లో పళ్ల డాక్టరు. పని మానుకుని మిషనెరీగా వెళ్లారు. 1836లో ఆయన మన దేశానికి వస్తూ, ఈ డెవన్‌లోని బార్న్‌స్టేపుల్ అనే ఊరి నుండి రెండు జంటలను వెంట తీసుకొచ్చారు. విలియం బౌడెన్ దంపతులు, జార్జి బీర్ దంపతులు. బౌడెన్‌గారిది రాతి తాపీ పని. బీర్‌గారిది చెప్పులు కుట్టే పని. వారు నరసాపురం చేరి గోదావరి డెల్టాలో సేవ మొదలుపెట్టారు. గోదావరి జిల్లాల్లో ఈ పేజీ చదువుతున్న ఎన్నో కుటుంబాల తాతముత్తాతలు ఆ సేవలోనే సువార్త విన్నారు.

ఒకరు రాతి పని, ఒకరు తోలు పని. రాయైనా తోలైనా ఒకసారి చేసి వదిలేస్తే నిలవదని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. వారు వచ్చి ఊరికే ప్రకటించి వెళ్లిపోలేదు. ఉన్నారు. జ్వరాలు వచ్చినా, తమవారిని పాతిపెట్టుకున్నా, తరం తర్వాత తరం ఆ పని సాగింది. మొదలుపెట్టినవారి పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ పనిని వారం వారం నిలబెట్టిన బైబిలు స్త్రీలు, బడి పంతుళ్లు, గుడి ఊడ్చినవారు, వారి పేర్లు చాలావరకు ఏ పుస్తకంలోనూ లేవు. గోడ కట్టించినవాని పేరు లోకానికి తెలుసు. పోటు తీసినప్పుడు దిగి అడుగురాళ్లు చూసేవాని పేరు ఎవరికీ తెలియదు. కాని రైలు నడుస్తున్నది అతనివల్ల కూడా.

ప్రియ పాఠకులారా, తుపాను వచ్చినప్పుడు మనం మంచివాళ్లమే. చందాలిస్తాం, అన్నం వండి పంపుతాం. తుపాను రాని సంవత్సరంలో మనం ఏమిటి అన్నదే ప్రశ్న. ఒక చిన్న మనవి. వానాకాలం రాకముందు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, యౌవనస్థులు, పెద్దలు కలిసి మీ ఊరి చెరువు గట్టుమీదో, డ్రెయిను కట్టమీదో ఈ చివర నుండి ఆ చివర వరకు నడవండి. బొరియలు పూడ్చండి. మీ చేతుల్లో లేనిది ఎక్కడుందో రాసి, పంచాయతీకి, ఇరిగేషన్ వారికి అర్జీ ఇవ్వండి. ఇచ్చి ఊరుకోక, మళ్లీ వెళ్లి అడగండి. గుడి పైకప్పు పెంకులు, బావి చుట్టూ గట్టు, ఇంట్లో చాలాకాలంగా పలకరించని అన్నదమ్ముడు, ఇవి కూడా అదే లెక్కలో రాసుకోండి. చిన్న పగులు ఉన్నప్పుడు ఒక తట్ట మట్టి చాలు.

మేము ఊరు చేరిన రెండో వారమే మా గట్టుమీదికి వెళ్లాం. పదకొండు బొరియలు లెక్కపెట్టాం. ఆ లెక్క రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాం.

చివరిగా ఒక మాట. ఆ సాయంత్రం టైన్‌మత్ నుండి ఎక్సెటర్‌కు తిరిగి వస్తున్నప్పుడు, మేము అడగకుండానే అమ్మమ్మ సముద్రం వైపు కిటికీ దగ్గర కూర్చున్నారు. డాలిష్ దాటేవరకు ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "చిన్నోడికి రైలంటే ఎంత ఇష్టమో" అన్నారు. పోయిన చిన్న తమ్ముని గురించి. నలభై ఏడేళ్ల తర్వాత.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం. దేవుడు మీ ఇంటిని, మీ ఊరి గట్టును కాపాడును గాక.